మూడు తీసి రెండు తిరిగి పెట్టే కార్డు: బ్రెయిన్‌స్టార్మ్ బలం ఎక్కడుంది, దాన్ని ఎప్పుడు ఆడాలి

మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆటలో కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టే కార్డుల్లో బ్రెయిన్‌స్టార్మ్ ఒకటి. చదివితే అతి సాధారణంగా కనిపించే ఈ కార్డును అనుభవజ్ఞులు ఆటలోని అత్యంత బలమైన కార్డుల సరసన నిలబెడతారు. కొత్తవారు మాత్రం దాన్ని మొదటి వంతులోనే ఆడేసి, ఇందులో అంత గొప్ప ఏముందని అడుగుతారు. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసిన ఈ మాంత్రిక యుద్ధాల కార్డు ఆట, 2021లో అరీనా పేరుతో ఫోన్లలోకి కూడా వచ్చింది. దాంతో కార్డుల దుకాణం దరిదాపుల్లో లేని రాజాం, ఎచ్చెర్ల, బొబ్బిలి వంటి చోట్ల చదువుకునే విద్యార్థులకు కూడా అది చేతికందే దూరంలోకి వచ్చింది. పక్కన కూర్చొని తప్పు చూపించే పెద్ద ఆటగాడు లేనప్పుడు, ఇలాంటి కార్డు ఎందుకు బలమైనదో లెక్క వేసి అర్థం చేసుకోవడమే దారి.

సంక్షిప్తంగా

బ్రెయిన్‌స్టార్మ్ చేతిలోని కార్డుల సంఖ్యను పెంచదు. పనికిరాని రెండు కార్డులను పనికొచ్చే వాటితో మార్చుకునే అవకాశం ఇస్తుంది, అంతే. ఆ మార్పిడి నిలవాలంటే, తిరిగి పెట్టిన రెండు కార్డులు మళ్ళీ చేతికి రాకముందే కట్టను కలపాలి. కలిపే సాధనం సిద్ధంగా ఉండి, వదిలించుకోవలసిన కార్డులు పోగయ్యే వరకు దీన్ని దాచుకోవడం సాధారణ నియమం. చేతిపై దాడి జరిగినప్పుడు, ల్యాండ్ (కార్డుల ఖరీదు చెల్లించడానికి మానా అనే శక్తినిచ్చే కార్డు) కరువైనప్పుడు, ఓటమి అప్పటికప్పుడు ఎదురైనప్పుడు ఈ నియమం వర్తించదు.

కార్డు చెప్పేది, లెక్క చూపేది

1995లో ఐస్ ఏజ్ సంపుటిలో వచ్చిన ఈ కార్డు ఖరీదు ఒక నీలి మానా. అది ఇన్‌స్టంట్ కాబట్టి ప్రత్యర్థి వంతులోనూ ఆడవచ్చు. మూడు కార్డులు తీసి, ఆ తరువాత చేతిలో ఉన్న ఏవైనా రెండు కార్డులను ఇష్టమైన క్రమంలో కట్ట పైన పెట్టాలి. ఇక్కడ ‘ఏవైనా’ అన్న మాట కీలకం. కొత్తగా తీసిన మూడింటిలోంచే రెండు పెట్టాలన్న షరతు లేదు. ఎప్పటి నుంచో చేతిలో పడి ఉన్న నిరుపయోగమైన కార్డులను పెట్టి, తీసిన మూడింటినీ ఉంచుకోవచ్చు.

చేతిలో ఏడు కార్డులుండి అందులో ఒకటి బ్రెయిన్‌స్టార్మ్ అనుకుంటే, అది ఆడగానే ఆరు మిగులుతాయి, మూడు తీస్తే తొమ్మిదవుతాయి, రెండు తిరిగి పెడితే మళ్ళీ ఏడు. అంటే ఆ కార్డు తన స్థానాన్ని తాను భర్తీ చేసుకుంది, అంతకు మించి సంఖ్యలో లాభం లేదు. ఒక మానాకు ఒక కార్డు తీయించే మామూలు కార్డు చేసే పని కూడా ఇదే.

తేడా తరువాతి రెండు వంతుల్లో బయటపడుతుంది. బ్రెయిన్‌స్టార్మ్ ఆడి కట్టను కలపకపోతే, తరువాతి రెండు వంతుల్లో చేతికి వచ్చేవి తాను తిరిగి పెట్టిన ఆ రెండు కార్డులే. ఆడిన క్షణం నుంచి ఆ రెండో డ్రా వరకు లెక్కిస్తే కొత్తగా చూసినవి మూడే కార్డులు. ఒక కార్డు తీయించే మామూలు కార్డు ఆడి ఉన్నా, అదొకటి, వంతుకొకటి చొప్పున రెండు కలిపి అప్పటికి మూడే చూసేవారు. మూడింటినీ ముందుగానే చూడటం, క్రమం నిర్ణయించుకోవడం తప్ప మిగిలిన లాభం లేదు. ఈ స్థితినే ఆటగాళ్ళు బ్రెయిన్‌స్టార్మ్ లాక్ అంటారు. అదే, పైన రెండు కార్డులు పెట్టిన వెంటనే కట్టను కలిపితే, అదే వ్యవధిలో చూసే కొత్త కార్డులు ఐదవుతాయి. పనికిరానివి రెండు కట్టలో ఎక్కడో కలిసిపోతాయి. ఒకే కార్డు, ఒకే ఖరీదు, అయినా ఒక సందర్భంలో మూడు, మరో సందర్భంలో ఐదు. బ్రెయిన్‌స్టార్మ్ గురించి జరిగే వాదనలన్నీ చివరకు ఈ తేడా దగ్గరే తేలతాయి.

వద్దనుకున్న కార్డు ఎక్కడికి పోతుంది

సంక్రాంతికి ఊరికి చేరినవారు ఆడే పదమూడు ముక్కల రమ్మీతో పోల్చి చూస్తే ఈ సూత్రం సులువుగా బోధపడుతుంది. రమ్మీలోనూ చేతిముక్కల సంఖ్య మారదు. ముక్క ఎత్తి ముక్క దించుతూ చేతిని బాగుచేసుకోవడమే ఆట. అయితే దించిన ముక్క అందరికీ కనిపించేలా బయట పడుతుంది, తరువాతి ఆటగాడు కావాలంటే ఎత్తుకుంటాడు. కాబట్టి రమ్మీలో అనుభవం ఉన్నవాడు ఏ ముక్క అనవసరమో చూడటంతో సరిపెట్టుకోడు, దించితే ఎవరికి ఉపయోగపడుతుందో కూడా చూస్తాడు. బ్రెయిన్‌స్టార్మ్‌లో దించిన కార్డు ప్రత్యర్థికి పోదు; తన కట్ట పైనే, తన దారికి అడ్డంగా కూర్చుంటుంది. ఆ అడ్డు తొలగించే ఉపాయం వేరుగా ఉండాలి.

ఆ ఉపాయం పేరు ఫెచ్ ల్యాండ్. 2002లో ఆన్‌స్లాట్ సంపుటిలో ఐదు, 2009లో జెండికార్ సంపుటిలో మరో ఐదు ఇలాంటివి వచ్చాయి. ఉదాహరణకు పొల్యూటెడ్ డెల్టాను ఆటలో దించాక, ఒక ప్రాణ పాయింటు చెల్లించి దాన్ని త్యాగం చేస్తే, కట్టలోంచి ఒక ఐలండ్ లేదా స్వాంప్ రకపు ల్యాండ్‌ను వెతికి నేరుగా ఆటలో పెట్టి, ఆపై కట్టను కలపాలి. రంగుల కొరత తీర్చడానికి పుట్టిన ఈ ల్యాండ్‌లోని చివరి మాటే బ్రెయిన్‌స్టార్మ్‌కు ప్రాణం పోసింది. ఎనిమిది కార్డులు చూశాక 52 కార్డుల కట్ట మిగిలిందనుకుంటే, మూడు తీసి, రెండు పెట్టి, ఫెచ్ ల్యాండ్‌తో ఒకటి తీసుకున్నాక 50 మిగులుతాయి. వదిలించుకున్న రెండింటిలో ఒకటి తరువాతి డ్రాలో తిరిగి వచ్చే అవకాశం 4 శాతం మాత్రమే. కలపకపోతే అది నూటికి నూరు శాతం. 1995 నాటి కార్డుకు అసలు విలువ ఏడేళ్ళ తరువాత వచ్చిన ల్యాండ్ల వల్ల రావడం ఈ ఆట చరిత్రలో గమనించదగ్గ విషయం.

మొదటి వంతులో జరిగే పొరపాటు

కొత్త ఆటగాళ్ళలో తరచూ కనిపించే వరుస ఇది. మొదటి వంతులో ఫెచ్ ల్యాండ్ దించుతారు, దాన్ని త్యాగం చేసి నీలి ల్యాండ్ తెచ్చుకుంటారు, ఆ ల్యాండ్ ఇచ్చిన మానాతోనే బ్రెయిన్‌స్టార్మ్ ఆడతారు. ప్రతి అడుగూ నియమాల ప్రకారం సరైనదే, కాని వరుస తలకిందులైంది. కట్టను కలపడం ముందే అయిపోయింది. రెండు కార్డులు పైన పెట్టేసరికి కలపడానికి ఏమీ మిగలలేదు. చేతిలో రెండో ఫెచ్ ల్యాండ్ లేకపోతే తరువాతి రెండు వంతులు లాక్‌లో గడవవలసిందే.

పైగా మొదటి వంతులో, చేతిలోని ఏ కార్డు పనికిరానిదో ఇంకా తెలియదు. ప్రత్యర్థి ఏ రకం కట్ట ఆడుతున్నాడో తెలిశాకే, ప్రాణులను చంపే కార్డు ఉపయోగమా భారమా అన్నది తేలుతుంది. నాలుగో ల్యాండ్ అవసరమా, ఐదోది అనవసరమా అన్నది కూడా ఆట కొంత నడిచాకే తెలుస్తుంది. మార్చుకోవలసిన సరుకు పోగవకముందే మార్పిడికి దిగితే బేరం కుదరదు.

మెరుగైన వరుస ఇలా ఉంటుంది. మొదటి వంతులో నీలి మానా ఇచ్చే మామూలు ఐలండ్ దించాలి. రెండో వంతులో గాని ఆ తరువాత గాని ఫెచ్ ల్యాండ్ దించి, దాన్ని త్యాగం చేయకుండా అలాగే ఉంచాలి. ఐలండ్ ఇచ్చే మానాతో బ్రెయిన్‌స్టార్మ్ ఆడి, చేతిలోని రెండు బలహీనమైన కార్డులను పైన పెట్టి, అప్పుడు ఫెచ్ ల్యాండ్‌ను వాడాలి. ప్రత్యర్థి వంతు చివర ఈ పని చేస్తే, తన వంతు మొదలవుతూనే కలిపిన కట్టలోంచి కొత్త కార్డు వస్తుంది. ఫెచ్ ల్యాండ్‌ను ఇలా నిలిపి ఉంచడానికి భయపడవలసిన పని కూడా లేదు. ప్రత్యర్థి వేస్ట్‌ల్యాండ్‌తో దాన్ని నాశనం చేయబోతే, అందుకు ప్రతిస్పందనగా అప్పటికప్పుడే వాడుకోవచ్చు.

పాండర్‌తో పోలిక

మొదటి వంతులో కార్డు వెతకడానికి 2007లో లార్విన్ సంపుటిలో వచ్చిన పాండర్ ఎక్కువ నమ్మదగినది. దాని ఖరీదూ ఒక నీలి మానాయే. పై మూడు కార్డులు చూసి, ఇష్టమైన క్రమంలో తిరిగి పెట్టి, కావాలంటే కట్టను కలిపి, చివర ఒక కార్డు తీయాలి. సోర్సరీ కాబట్టి సొంత వంతులో మాత్రమే ఆడగలం. అది తీయించేది ఒక్క కార్డే, చేతిలోని పాత కార్డును మార్చదు. కాని కలిపే శక్తి దానిలోనే ఉంది.

లెక్క వేస్తే తేడా స్పష్టమవుతుంది. 60 కార్డుల కట్టలో 20 ల్యాండ్లున్నాయనుకుందాం. చూసిన మొదటి ఎనిమిది కార్డుల్లో రెండు ల్యాండ్లు వచ్చి, మూడోది అత్యవసరమైంది. మిగిలిన 52 కార్డుల్లో 18 ల్యాండ్లు. ఒక్క కార్డు తీస్తే ల్యాండ్ వచ్చే అవకాశం 34.6 శాతం. బ్రెయిన్‌స్టార్మ్‌తో మూడు తీస్తే కనీసం ఒకటి వచ్చే అవకాశం 72.9 శాతం. పాండర్‌తో, మూడింటిలో లేకపోతే కలిపి మరొకటి తీసే వీలుంది కాబట్టి, అది 82.3 శాతానికి చేరుతుంది. అంతకన్నా ముఖ్యమైనది విఫలమైనప్పుడు జరిగేది. బ్రెయిన్‌స్టార్మ్ 27 శాతం సందర్భాల్లో ల్యాండ్ చూపకపోతే, కలిపే సాధనం లేనివారికి రానున్న రెండు డ్రాలలోనూ ల్యాండ్ రాదని ముందే తేలిపోతుంది. పాండర్ విఫలమైతే తరువాతి వంతులో మళ్ళీ కొత్త కార్డే వస్తుంది.

అందుకే ఈ రెండూ చేతిలో ఉన్నప్పుడు ముందు పాండర్, తరువాత బ్రెయిన్‌స్టార్మ్ అన్న వరుస స్థిరపడింది. పాండర్ వెతుకులాటకు, బ్రెయిన్‌స్టార్మ్ మార్పిడికి. రెండింటినీ ఒకే పనికి వాడితే రెండోది సగం బలంతోనే పనిచేస్తుంది.

ఆగకూడని సందర్భాలు

దాచుకోవాలన్న నియమాన్ని మూఢంగా పాటించినా నష్టమే. చేతిలో ఒక్క నీలి ల్యాండ్ మాత్రమే ఉండి రెండోది రాకపోతే, ఆదర్శ సమయం కోసం ఎదురుచూడటం అర్థం లేని పని. అప్పుడు లాక్ ప్రమాదాన్ని అంగీకరించి వెంటనే ఆడాలి.

రెండో సందర్భం చేతిపై దాడి. ప్రత్యర్థి థాట్‌సీజ్ ఆడితే, చేతిలోని కార్డులన్నీ చూసి, ల్యాండ్ కాని కార్డుల్లో తనకు ప్రమాదకరమైన దాన్ని ఎంచి పారవేయిస్తాడు. దానికి ప్రతిస్పందనగా బ్రెయిన్‌స్టార్మ్ ఆడి, అత్యంత విలువైన రెండు కార్డులను కట్ట పైన దాచవచ్చు. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మామూలుగా పైన పెట్టేవి అక్కర్లేనివి, ఇప్పుడు పెట్టేవి ప్రాణప్రదమైనవి. వాటిని తిరిగి అందుకోవాలి కాబట్టి ఫెచ్ ల్యాండ్‌ను ముట్టుకోకూడదు. క్రమం కూడా ముఖ్యం: ముందుగా కావలసిన కార్డు అన్నిటికంటే పైన ఉండాలి.

మూడోది, ఆ క్షణంలో ఆపకపోతే ఆట ముగిసిపోయే పరిస్థితి. ఫోర్స్ ఆఫ్ విల్ అనే కార్డు మానా లేకుండా, ఒక ప్రాణ పాయింటు ఇచ్చి, చేతిలోని మరో నీలి కార్డును ఆట నుంచి తొలగించి ప్రత్యర్థి మంత్రాన్ని రద్దు చేయగలదు. నాలుగు నకళ్ళూ ఇంకా 52 కార్డుల కట్టలోనే ఉంటే, మూడు కార్డుల్లో కనీసం ఒకటి దొరికే అవకాశం 21.7 శాతం. ఎక్కువేమీ కాదు, కాని ఏమీ చేయకుండా ఓడిపోవడం కంటే నయం. అది దొరికినా, దానికి తోడుగా తొలగించడానికి మరో నీలి కార్డు చేతిలో ఉండాలన్న సంగతి మరవకూడదు. బ్రెయిన్‌స్టార్మ్ అప్పటికే ఖర్చయిపోయింది కదా.

కట్ట పైభాగమే ఆయుధమయ్యే కార్డులూ కొన్ని ఉన్నాయి. 2011లో వచ్చిన డెల్వర్ ఆఫ్ సీక్రెట్స్, వంతు మొదట్లో కట్ట పై కార్డు ఇన్‌స్టంట్ గాని సోర్సరీ గాని అయితే, బలహీనమైన మనిషి నుంచి 3/2 (మూడు దెబ్బల బలం, రెండు దెబ్బల ఓర్పు) ఎగిరే ప్రాణిగా మారుతుంది. పైన ఏముండాలో నిర్ణయించే బ్రెయిన్‌స్టార్మ్ దానికి సహజమైన జోడీ.

కట్ట కూర్పు

బ్రెయిన్‌స్టార్మ్ నాలుగు నకళ్ళు పెట్టి ఫెచ్ ల్యాండ్లు నాలుగే పెడితే పొత్తు కుదరదు. 60 కార్డుల కట్టలో నాలుగు ఫెచ్ ల్యాండ్లుంటే, రెండో ఆటగాడిగా మొదటి వంతులో చూసే ఎనిమిది కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం 44.5 శాతం. ఎనిమిది ఉంటే అది 70.6 శాతం. కట్ట కూర్పులో ఈ ఒక్క మార్పు, ఆడేటప్పుడు తీసుకునే ఎన్నో సూక్ష్మ నిర్ణయాల కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఈ వరుసలను సాధన చేయడానికి అసలు కార్డులు కొనవలసిన అవసరమూ లేదు. కార్డుల పేర్లు, సూచనలు కాగితం మీద రాసి పాత పేకముక్కలకు అంటించుకొని మిత్రులతో ఆడుకోవచ్చు. అధికారిక పోటీల్లో మాత్రం వాటిని అనుమతించరు.

ఇదే కుటుంబంలోని మిగతావి

వద్దనుకున్న కార్డు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను మిగతా కార్డులకూ వేసి చూడవచ్చు. 2012 నాటి ఫెయిత్‌లెస్ లూటింగ్ ఒక ఎర్ర మానాకు రెండు తీయించి రెండు పారవేయిస్తుంది. సంఖ్యలో చూస్తే చేతిలో ఒక కార్డు నష్టం. అయినా అది, ఏ కార్డులు వాడవచ్చో వేరువేరుగా నిర్ణయించే పోటీ విభాగాల్లో ఒకటైన మోడర్న్‌లో 2019 ఆగస్టు నుంచి 2024 డిసెంబరు వరకు నిషేధంలో ఉంది. కారణం, పారవేసిన కార్డు గ్రేవ్‌యార్డ్‌కు, అంటే వాడిన, పారవేసిన కార్డులు చేరే కుప్పకు, పోవడమే. ఎనిమిది మానా ఖరీదైన గ్రిసెల్‌బ్రాండ్ వంటి ప్రాణిని అక్కడికి చేర్చి, ఒకే నల్ల మానా ఖరీదైన రీయానిమేట్‌తో లేపే కట్టలకు ఆ పారవేత నష్టం కాదు, అసలు ప్రయోజనం అదే. 2018లో వచ్చిన ఆర్క్‌లైట్ ఫీనిక్స్, ఒక వంతులో మూడు ఇన్‌స్టంట్లు లేదా సోర్సరీలు ఆడితే గ్రేవ్‌యార్డ్ నుంచి తనంత తానే తిరిగి వస్తుంది. చవకైన ఇలాంటి కార్డులు దానికి రెండు విధాలా ఉపకరిస్తాయి.

1993 నాటి వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ అందరి చేతులనూ పారవేయించి తలా ఏడు కార్డులు ఇస్తుంది. తన చేతిలో ఒకటి, ప్రత్యర్థి చేతిలో ఆరు మిగిలినప్పుడు ఆడితే తనకు ఆరు లాభం, అవతలివారికి ఒకటి. పోకేమాన్ కార్డు ఆటలోని ప్రొఫెసర్స్ రీసెర్చ్ కూడా చేతిని పారవేసి ఏడు తీయిస్తుంది. ఈ రెండింటికీ నియమం బ్రెయిన్‌స్టార్మ్‌కు విరుద్ధం: చేతిని ముందు వీలైనంత ఖాళీ చేసుకొని ఆ తరువాతే ఆడాలి.

నిషేధాలు, విరుగుళ్ళు

వింటేజ్ విభాగంలో 2008 నుంచి కట్టకు ఒక్క బ్రెయిన్‌స్టార్మే పెట్టుకోవాలి. లెగసీలో మాత్రం నాలుగు నకళ్ళూ అనుమతిస్తున్నారు, ఆ విభాగపు స్వభావాన్ని తీర్చిదిద్దింది ఎక్కువగా ఇదే. అరీనాలో 2021లో హిస్టారిక్ విభాగంలోకి వచ్చి అదే ఏడాది నిషేధానికి గురైంది. ఆన్‌స్లాట్, జెండికార్ నాటి ఫెచ్ ల్యాండ్లు అప్పటికి అరీనాలో లేకపోయినా, ఫేబుల్డ్ ప్యాసేజ్ వంటి నెమ్మదైన ల్యాండ్లతోనే అది అంత బలం చూపింది. 2023 డిసెంబరులో టైమ్‌లెస్ విభాగం మొదలైనప్పుడు ఐదు ఫెచ్ ల్యాండ్లు కూడా అరీనాకు చేరడంతో, లెగసీ ఆటగాళ్ళకు మాత్రమే పరిచయమైన ఈ వరుసలు ఫోనులో ఆడేవారికీ అవసరమయ్యాయి.

ప్రత్యర్థులకు విరుగుళ్ళూ పెరిగాయి. స్టైఫిల్ కార్డు ఫెచ్ ల్యాండ్ పనినే రద్దు చేసి, కలపడం జరగకుండా ఆపుతుంది. 2019 నాటి నార్సెట్, పార్టర్ ఆఫ్ వేల్స్ ఆటలో ఉంటే ప్రత్యర్థులు వంతుకు ఒక కార్డు మించి తీయలేరు. సొంత వంతులో మామూలు డ్రా అయ్యాక బ్రెయిన్‌స్టార్మ్ ఆడితే తీసేది సున్నా, కాని రెండు కార్డులు తిరిగి పెట్టక తప్పదు.

వీటన్నిటికంటే లెక్కలు మార్చినది 2023లో వచ్చిన ఆర్కిష్ బౌమాస్టర్స్. రెండు మానా ఖరీదైన ఈ ప్రాణిని ఇన్‌స్టంట్ మాదిరి ఎప్పుడైనా దించవచ్చు. దిగినప్పుడు ఒకసారి, ఆపై ప్రత్యర్థి తన డ్రా దశలో తీసే మొదటి కార్డు కాక తీసే ప్రతి కార్డుకూ ఒకసారి, కోరిన చోట ఒక దెబ్బ వేసి తన ఆర్క్ సైన్యాన్ని ఒక పాయింటు పెంచుకుంటుంది. బ్రెయిన్‌స్టార్మ్‌కు ప్రతిస్పందనగా దాన్ని దించితే నాలుగు దెబ్బలు, నాలుగు పాయింట్ల సైన్యం. పాండర్ తీయించేది ఒక్క కార్డే కాబట్టి దానికి పడే శిక్ష అంతకంటే చాలా తక్కువ. నల్ల రంగు ఆడే ప్రత్యర్థి ముందు రెండు ల్యాండ్లు వాడకుండా నిలిచి ఉన్నప్పుడు, ఫెచ్ ల్యాండ్ సిద్ధంగా ఉన్నా, చేతిలో పనికిరాని కార్డులు పోగైనా, బ్రెయిన్‌స్టార్మ్‌ను ఆపి ఉంచి, అతడు తన మానాను మరో పనికి ఖర్చు చేసిన వంతులో ఆడటమే క్షేమం.